స్క్వాడ్‌లో ఐదోదాన్ని

నా ఒంటి మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి వీపు మీద గీత. ఇస్నాపూర్‌లో లైను రూముల ముందున్న బండ మీద పడ్డప్పుడు తగిలింది. రెండోది తెర మీద ఎడమపక్క కింది మూల, రూపాయి బిళ్లంత మేర తేలిన నునుపు. అది దెబ్బ కాదు. ఒక బొటనవేలు ఏళ్ల తరబడి అక్కడే తిరిగి తిరిగి అరగదీసింది. ఆ వేలు ఎటు జరిగితే తెర లోపలి మనిషి అటు ఉరికేవాడు.

నేను ఫోన్‌ని. 2018లో, అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో పుట్టాను. నన్ను బిగించిన చేతులు ఎక్కువగా ఆడపిల్లలవి. పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చి, షిఫ్టు చేసి, మళ్లీ బస్సెక్కి పోయేవాళ్లు. అందుకేనేమో చివరికి షిఫ్టు మనిషి చేతికే చేరాను. పుట్టుకను బట్టి నాకు చిత్తూరు యాస రావాలి. వచ్చింది మాత్రం పటాన్‌చెరు భాష: సగం తెలంగాణ తెలుగు, పావు హిందీ, మిగిలిన పావు బూతులు.

మావాడిది నారాయణఖేడ్ దిక్కు. ఐటీఐ చేసి పాశమైలారంలో ఓ మందుల కంపెనీలో కాంట్రాక్టు కింద చేరాడు. ఆ ఏడు దసరా ముందు పటాన్‌చెరులో ఒక షాపులో నన్ను వాయిదాల మీద కొన్నాడు. ఇంటికి చేసి, "పని కోసమే తీస్కున్ననే అవ్వా" అన్నాడు. నేను మోసిన మొదటి అబద్ధం అది. ఆ రాత్రే పబ్జీ ఎక్కించాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. వంద మంది విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. చేతిలో ఏమీ ఉండదు. ఇళ్లన్నీ వెతికి తుపాకీ, తూటాలు, కట్టుగుడ్డలు ఏరుకోవాలి. చుట్టూ నీలం గీత దగ్గరపడుతూ వస్తుంది. దాని బయట మిగిలిపోయినవాడి ప్రాణం కరిగిపోతుంది. ఆఖరున నిలబడ్డ జట్టుదే గెలుపు. కొరియాలో కంప్యూటర్ ఆటగా పుట్టింది, చైనా కంపెనీ టెన్సెంట్ చేయి పడ్డాక ఫోన్లలోకి దిగింది, 2018 మార్చిలో ప్రపంచమంతా పాకింది. ఆట ఉచితం. జియో వచ్చి అప్పటికి రెండేళ్లు కావస్తోంది కాబట్టి డేటా కూడా ఉచితమంత చవక. ఇక ఆపేదెవరు?

ఆ దీవి పేరు ఎరాంగెల్. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. మా రూమువాళ్లు దానికి తమ పేర్లు తగిలించుకున్నారు. కంటైనర్లూ గోదాములూ ఉన్న జార్జోపోల్ వాళ్లకు పాశమైలారం. మిలిటరీ బేస్ అంటే ఎద్దుమైలారం. అక్కడి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి నిజంగానే యుద్ధ వాహనాలు తయారవుతాయి మరి. నడిమధ్యలో ఉన్న పోచింకి ఊరు పోచమ్మ గుడి అయింది. "పోచమ్మ కాడ దూకుదాం" అంటే ప్రాణాల మీద ఆశ వదులుకున్నట్టే. అందరూ అక్కడే దూకేవాళ్లు.

స్క్వాడ్ అంటే నలుగురు. మాకు లీడర్ ఒడిశా అన్న, గంజాం జిల్లా నుంచి వచ్చి మావాడి లైనులోనే మిషన్ నడిపేవాడు. ముందు దూసుకుపోయే అసాల్టర్ జార్ఖండ్ తమ్ముడు. కందిలో ఐఐటీ కట్టడాల్లో సెంట్రింగ్ పని. దూరం నుంచి గురి చూసేవాడు చౌరస్తా కిరాణా షాపాయన కొడుకు, డిప్లొమా చదివేవాడు. మావాడు సపోర్ట్. అంటే పడిపోయినవాడి పక్కన కూర్చుని లేపేవాడు. ఈ ఆటలో దెబ్బ తిన్నవాడు వెంటనే చావడు, మోకాళ్ల మీద పాకుతాడు. దాన్ని నాక్ అంటారు. పక్కవాడు వచ్చి కొన్ని సెకన్లు ఆగి లేపితే బతుకుతాడు. "నాక్ అయిన భాయ్, నాక్ అయిన!" అన్న కేక నా స్పీకర్‌లోంచి ఎన్ని వేలసార్లు వచ్చిందో నాకే లెక్క లేదు. నలుగురికి నాలుగు ఫోన్లున్నా లైను రూముల్లో సిగ్నల్ పట్టేది నాకే. మిగతా ముగ్గురికీ హాట్‌స్పాట్ ఇచ్చేదాన్ని. అందుకే స్క్వాడ్‌లో నన్ను నేను ఐదోదాన్నని లెక్కేసుకుంటాను.

ఈ ఆటను బతుకుతెరువు చేసుకున్నవాళ్లు ఉంటారని మాకు తెలిసింది 2019 మార్చి 10న. ఆదివారం కాబట్టి ముగ్గురికి వీక్లీ ఆఫ్. నాలుగోవాడు జ్వరమని చెప్పి వచ్చాడు. పటాన్‌చెరులో బస్సెక్కి లింగంపల్లి, అక్కడి నుంచి ఆటోలో గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియం. పబ్జీ మొబైల్ ఇండియా సిరీస్ ఫైనల్ అది. మొత్తం బహుమతి కోటి రూపాయలు. వేదిక మీద కుర్రాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వంగి కూర్చున్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నవీ నాలాంటి ఫోన్లే. జనం మాత్రం క్రికెట్ మ్యాచ్‌కు అరిచినట్టు అరిచారు. గెలిచింది టీమ్ సౌల్. మోర్టల్ అనే పేరుతో ఆడే నమన్ మాథుర్ దాని లీడర్. వైపర్, రోనక్, ఓవైస్ మిగతా ముగ్గురు. మొదటి బహుమతి 30 లక్షలు. నేను తీసిన వీడియో వణికిపోయి ఉంటుంది. మావాడి చేయి వణికింది.

తిరుగు బస్సులో ఒడిశా అన్న వేళ్ల మీద లెక్క వేశాడు. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఏడున్నర లక్షలు. తన జీతం పది వేలు. "డెబ్బై ఐదు నెలలు" అన్నాడు. ఇంకెవరూ మాట్లాడలేదు. బీహెచ్ఈఎల్ దాటాక జార్ఖండ్ తమ్ముడు అన్నాడు: "హమ్ భీ చార్ హై న?"

ఆ నెలలోనే గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఇదే ఆట ఆడినందుకు పోలీసులు కుర్రాళ్లను పట్టుకున్నారు. ఒక ఊళ్లో 30 లక్షల చెక్కు, ఇంకో ఊళ్లో కేసు. ఈ ఆటగాళ్ల చరిత్ర మొత్తం ఆ రెండింటి మధ్యనే నడిచింది.

ఆ జూలైలో సౌల్ బెర్లిన్ వెళ్లి ప్రపంచ ఫైనల్స్ ఆడింది. మావాళ్లు చార్జర్ పెట్టి మరీ నన్ను గోడకు ఆనించి చూశారు. అప్పుడే జట్టు లోపలి లెక్క తెలిసొచ్చింది. ఎక్కడ దిగాలో ముందే రాసి పెట్టుకుంటారు. నీలం గీత ఎటు జరుగుతుందో అంచనా కట్టే పని ఒకడిది. చంపినవాళ్ల సంఖ్యకు పాయింట్లు, ఎంతసేపు బతికారన్నదానికి పాయింట్లు. కాబట్టి పారిపోవడం కూడా ఆటే. అంతవరకు పోచమ్మ గుడి దగ్గర దూకి వీరమరణం పొందడమే గొప్పనుకున్న మావాళ్లు, ఊరి చివర రెండిళ్లలో దిగి నోరు మూసుకుని ఏరుకోవడం నేర్చారు. దాక్కోవడానికే ఓర్పు ఎక్కువ కావాలని మావాడు ఫ్యాక్టరీలో కన్నా ఇక్కడే నేర్చుకున్నాడు.

బెర్లిన్ తర్వాత ఆ నలుగురు చెదిరారు. రోనక్, ఓవైస్ వేరే దారి పట్టారు. కొన్నాళ్లకు స్కౌట్ అనే తన్మయ్ సింగ్‌తో కలిసి లండన్ క్లబ్ ఫ్నాటిక్ జెర్సీలో కనిపించారు. కిరాణా పిల్లాడు ఆ రోజు అన్నం తినలేదు. "ఎట్ల పోతరన్నా టీమ్ ఇడ్సిపెట్టి?" అన్నాడు. "జీతం ఎక్కువిస్తే నేను గీ కంపెనీ ఇడ్వనా?" అన్నాడు మావాడు. ఆటగాడు ఉద్యోగి అయ్యాక ఉద్యోగి లెక్కలే వేస్తాడు. అది తప్పని నేనను.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. మావాడి కంపెనీ మందులది కాబట్టి ఆగలేదు. కందిలో సెంట్రింగ్ పని ఆగింది, కూలీ ఆగింది. ఏప్రిల్ చివర అక్కడి కూలీలు ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి శ్రామిక్ రైలు అదే, దాదాపు 1,200 మంది ఎక్కారు. మా అసాల్టర్ అందులో ఒకడు. మర్నాడు రాత్రి ఊరి చివర చెట్టెక్కి, రెండు గీతల సిగ్నల్‌తో లాగిన్ అయ్యాడు. పింగ్ ఎర్రగా ఉంది. నాలుగు అడుగులేసి ఆగిపోతున్నాడు. "నన్ను లూట్ పెట్టెలెక్క మోసుకపోండ్రి" అని నవ్వాడు. ఆ మ్యాచ్‌లో అతన్ని ఏడుసార్లు లేపారు.

ఆ వేసవిలో ఆరెంజ్ రాక్ అనే మన దేశపు జట్టు వరల్డ్ లీగ్ తూర్పు విభాగంలో రెండో స్థానం తెచ్చుకుంది. గెలుపు ముచ్చట ఇంకా చల్లారకముందే సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. జాబితాలో పబ్జీ ఉంది. అక్టోబర్ 30న సర్వర్లు కూడా ఆగాయి. ఆ రాత్రి మావాడు ఊరికే ఐకాన్ నొక్కుతూ కూర్చున్నాడు.

ఇక్కడే ఒక సంగతి గమనించాను. క్రికెట్ నిషేధించాలంటే బ్యాట్లన్నీ విరిచేయాలి. ఈ ఆటకు మైదానం సొంతదారుది. ఒక ఉత్తర్వు వస్తే మైదానమే మాయమవుతుంది. అయినా జట్లు బతికాయంటే ఆడి కాదు, ఆడుతూ మాట్లాడి. ఆ 2020లోనే మోర్టల్, అనిమేష్ అగర్వాల్, లోకేశ్ జైన్ కలిసి ఎస్‌ఎయిట్‌యూఎల్ అనే సంస్థ పెట్టారు. సౌల్ జట్టు ఒక చెయ్యి, లైవ్ వీడియోలు ఇంకో చెయ్యి. 2022 నుంచి వరసగా మూడేళ్లు ప్రపంచ ఈస్పోర్ట్స్ అవార్డుల్లో ఉత్తమ కంటెంట్ బృందం వాళ్లే. బహుమతి డబ్బు ఏడాదికి ఒకరికి. ప్రకటనల డబ్బు నెలనెలా. ఆ ప్రకటనలు చూసిందెవరు? రాత్రి పదకొండుకు షిఫ్టు దిగి, టమాట చారు పొయ్యి మీద పెట్టి, నన్ను ఉప్పు డబ్బాకు ఆనించి లైవ్ పెట్టుకున్న ఇస్నాపూర్ కుర్రాళ్లు. నేను ఆడింది తక్కువ. చూపించిందే ఎక్కువ.

2021 జూలై 2న అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. తమ్ముడు కూడా తిరిగొచ్చాడు, ఈసారి పాశమైలారంలోనే వేరే ఫ్యాక్టరీలో. ఆగస్టులో దేశమంతటికీ పోటీ పెట్టారు. మామూలు ఆటగాళ్లు కూడా పేరిచ్చుకోవచ్చు. 15 మ్యాచ్‌లు ఆడాలి, మంచివి 10 లెక్కలోకి. పైనున్న 1024 జట్లు ముందుకు పోతాయి. మావాళ్లు పేరిచ్చారు. జట్టుకు పేరు పెట్టడానికే మూడు రాత్రులు పట్టింది. ఆఖరికి పెట్టిన పేరు ఇక్కడ రాసేంత మర్యాదైనది కాదు.

అసలు చిక్కు శత్రువు కాదు, షిఫ్టు. ఒకడిది ఏ, ఇద్దరివి బీ, ఒకడికి పగలు ల్యాబ్. నలుగురూ ఖాళీగా దొరికేది తెల్లారుజామున రెండింటి నుంచి నాలుగింటిదాకా. చేతులకు చెమట పట్టకుండా వేళ్లకు పౌడర్ రాసుకునేవాళ్లు. నాకు అప్పటికే మూడేళ్లు నిండవస్తున్నాయి. పది నిమిషాలకే ఒళ్లు కాలిపోయేది, ఫ్రేములు పడిపోయేవి. మావాడు తడి గుడ్డ పిండి నా వీపు కింద పరిచేవాడు. పదకొండో మ్యాచ్‌లో ఆఖరి మూడు జట్లలో ఉండగా లీడర్ ఆగిపోయాడు. మిగతావాళ్లు అరిచినా కదలడు. పక్క రూముకు పోయి చూస్తే ఫోన్ చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చాడు పాపం. లేపలేదు. మావాడు దుప్పటి కప్పి వచ్చాడు.

1024లో మా పేరు లేదు.

తర్వాత చిన్నా చితకా పోటీలు. మనిషికి ఇరవై రూపాయలు కట్టి ఆడేవి. ఒకసారి గెలిచారు కూడా. ఆ పోటీ పెట్టినవాడు గ్రూప్ నుంచి అందర్నీ తీసేసి మాయమయ్యాడు. మా ప్రొఫెషనల్ సంపాదన మొత్తం అంతే.

2022 జూలై 28న బీజీఎంఐని కూడా స్టోర్ల నుంచి తీసేశారు. అప్పటికే ఫోన్‌లో ఉన్నవాళ్లకు ఆట నడిచేది. ఆ నెలలో నాకు చార్జింగ్ పిన్ పోయింది, మాటిమాటికీ ఆగిపోతున్నాను. పటాన్‌చెరు రిపేరు షాపాయన చూసి, "ఫార్మాట్ కొడ్తె సాఫయితది" అన్నాడు. మావాడు నన్ను ఆయన చేతుల్లోంచి లాక్కున్నాడు. "పిన్ ఒక్కటే ఎయ్యన్నా. లోపల చెయ్యి పెట్టకు. పోతే మళ్ల రాదు." నా లోపలున్నది ఫొటోలు కాదు, బ్యాంకు సంగతులు కాదు, దించుకోవడానికి దొరకని ఒక దీవి. ఆ కొద్ది రోజులకే సౌల్ జట్టు రియాద్‌లో ప్రపంచ పోటీకి దిగింది. సొంత దేశపు స్టోర్లో లేని ఆటకు ఆ దేశం తరఫున ఆడటం ఎలా ఉంటుందో వాళ్లనడగాలి.

ఆ డిసెంబర్‌లో కేంద్రం ఈస్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023 మేలో ఆట తిరిగొచ్చింది, ఈసారి గంటల లెక్కతో. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు. పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి ఆరు గంటలకు మించి ఆడొద్దన్న షరతు చదివి మావాళ్లు పడీపడీ నవ్వారు.

అప్పటికి మావాడు కొత్త ఫోన్ కొన్నాడు. నేను ఫ్యాక్టరీ ఫోన్‌నయ్యాను. మందుల కంపెనీలో లోపలికి ఫోన్ రానివ్వరు. సాల్వెంట్లు ఉంటాయి, చిన్న నిప్పురవ్వ చాలు. గేటు దగ్గర సెక్యూరిటీ పెట్టెలో అరలు, అరకో నంబరు. మంచి ఫోన్ అక్కడ పెట్టడానికి భయం. అందుకని నన్ను పెట్టేవాడు. రిటైరైన ఆటగాళ్లు కోచ్‌లవుతారు. నేను గేటు కాపలాకు పోయాను.

2024 జూన్ 28 నుంచి 30 దాకా హైదరాబాద్ హైటెక్స్‌లో బీజీఎంఐ జాతీయ పోటీ బీజీఐఎస్ ఫైనల్స్ జరిగాయి. 16 జట్లు, బహుమతి 2 కోట్లు. ఆఖరి రోజు ఆదివారం. మావాడూ ఒడిశా అన్నా వెళ్లారు. ఐదేళ్ల కిందట వీడియో తీసిన నేను ఈసారి జేబులో ఉండిపోయాను, విన్నానంతే. గెలిచింది టీమ్ ఎక్స్‌స్పార్క్. ఒకప్పుడు సౌల్ నుంచి విడిపోయినవాళ్లతో ఫ్నాటిక్ జెర్సీ వేసుకున్న ఆ స్కౌట్‌దే ఈ జట్టు. ఆడింది మాత్రం కొత్త తరం పిల్లలు. మొదటి బహుమతి 60 లక్షలు, ఆ వెంటనే రియాద్ ప్రయాణం. మోకాళ్ల మీద కూర్చుని అరుస్తున్న కుర్రాళ్లను చూసి అన్న మళ్లీ లెక్క వేశాడు. "పదిహేను లక్షలు. నా జీతం ఇప్పుడు పదిహేను వేలు. వంద నెలలు" అన్నాడు. జీతం పెరిగింది, దూరం కూడా పెరిగింది.

సరిగ్గా ఏడాదికి, 2025 జూన్ 30, సోమవారం. పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో పెట్టె అదిరింది. పాశమైలారంలో వేరే సందులో ఓ మందుల ఫ్యాక్టరీ పేలింది. ఆ ప్రమాదంలో నలభై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. పావుగంట గడిచిందో లేదో, మా పెట్టెలోని ఫోన్లన్నీ ఒక్కసారి మోగడం మొదలైంది. అవ్వ, చెల్లె, బావ, రూమువాళ్లు. అరలు కదిలిపోతున్నాయి. ఎత్తేవాళ్లు లోపలున్నారు. నా తెర మీద "అవ్వ" అని పదకొండుసార్లు వెలిగి ఆరింది. ఫోన్‌గా పుట్టి మోగడం తప్ప ఇంకేమీ చేయలేకపోవడం ఏమిటో ఆ రోజు తెలిసింది.

మావాడిని బయటికి పంపాక, అవ్వకు చేసి "నేను మంచిగున్ననే" అన్నాడు. తర్వాత తెరిచింది పాత స్క్వాడ్ గ్రూప్. నెలల తరబడి అందులో ఎవరూ మాట్లాడలేదు. ఒడిశా అన్న అప్పటికే పెట్టాడు: "మై ఠీక్." కిరాణా పిల్లాడు చౌరస్తా నుంచి: "నేను బాగున్న, తమ్ముడు ఏడి?" తమ్ముడిది పేలిన ఫ్యాక్టరీకి రెండు సందుల అవతల. చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. అతని ఫోన్ కూడా ఏదో గేటు పెట్టెలో ఉంటుందని నాకు తెలుసు. మావాడికీ తెలుసు. అయినా వేలు మళ్లీ మళ్లీ నొక్కింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక మెసేజ్ వచ్చింది. పాత ఆట మాటే: "రివైవ్ హో గయా." మావాడు గేటు పక్కన గోడకు ఒరిగి కూర్చుండిపోయాడు.

ఆ ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడేవాటికి నిషేధం, ఈస్పోర్ట్స్‌కు గుర్తింపు. తెలంగాణలో డబ్బు రమ్మీకి 2017లోనే తలుపులు మూశారు. రెండూ ఒకటి కాదని మావాడు అవ్వకు ఎంత చెప్పినా ఎక్కేది కాదు. చట్టం చెప్పాక టీవీలో విని నమ్మింది. "గట్లయితే ఇంకో ఏడాది ఆడు బిడ్డా" అంది. అప్పటికి ఆట ఆడి రెండేళ్లవుతోంది.

ప్రొఫెషనల్ జట్టుకు చరిత్ర ఉంటుంది, కప్పుల లెక్క ఉంటుంది. మా జట్టుకు కప్పు లేదు, పేరు కూడా బయటికి చెప్పుకునేది కాదు. కానీ గచ్చిబౌలిలో ఆ రోజు 30 లక్షలు గెలిచిన నలుగురు చెదిరిపోయారు, పదకొండో మ్యాచ్‌లో ఓడిపోయిన నలుగురు చెదరలేదు. జట్టును నేను దీన్నిబట్టే కొలుస్తాను.

ఆ జూన్ తర్వాత గ్రూప్‌లో ఒక అలవాటు మొదలైంది. షిఫ్టు దిగి రూముకు చేరాక నలుగురూ ఒక్క మాట పెడతారు: "చేరిన." ఆటలు లేవు, లింకులు లేవు, అదొక్కటే. నిన్న నాలుగోది రాత్రి 11 గంటల 40 నిమిషాలకు వచ్చింది. అది చూశాకే మావాడు నన్ను చార్జింగ్ పెట్టి పడుకున్నాడు.